మేత బీడులో ప్లాటు రాళ్ళు

"అమ్మా, మన బీడుల ఎవరో రాళ్ళు పాతిన్రు" అని గొర్రెల కాపరి మల్లయ్య ఫోన్ చేసిన మర్నాడే బయలుదేరాం, నేనూ చిక్కడపల్లిలో మా పక్కింటి సులోచన గారూ.

నారాయణగూడలో వాళ్ళాయన గొంగళ్ళ దుకాణం నడిపేవారు. ఆయన పోయాక ఆవిడ దాన్ని అమ్మేసి, ఆ డబ్బుతో మల్లయ్య ఊళ్ళోని మేత బీడును ప్లాట్లు కాకముందే కొన్నారు. ఇరుగుపొరుగు వాళ్ళం నలుగురం కూడా తలా కొంత కలిపి ట్రస్టు పెట్టాం. ఆ నేల ఎప్పటికీ మేతకేనని దస్తావేజులోనే రాయించాం.

ఆరింటికి ఆటోలో ఇమ్లీబన్ బస్టాండు చేరాం. ఆ ఊరికి పొద్దున ఒకటే బస్సు. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే సీటు పట్టుకోండి. పక్క సీటాయన చేతిలో ప్లాట్ల రంగుల బ్రోచర్.

"మీరు ఏ వెంచర్ల తీసుకున్నరక్కా?"

"గొర్ల వెంచర్ల" అన్నారు సులోచన గారు. ఆయన బ్రోచర్ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

బస్సు దిగి, హోటల్లో ఇడ్లీ తిని, మట్టిబాటలో నడిచాం. బీడు అంచున సున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతి ఉన్నాయి. మల్లయ్య భార్య ఎల్లమ్మ ఎదురొచ్చింది.

"గొర్లను తోలుకపొమ్మని బెదిరిచ్చిన్రమ్మా. యాడికి పోవాలె?"

అంతలో కారు ఆగింది. పక్క వెంచర్ యజమాని దిగాడు.

"మా ప్లాట్ల దారికి జర జాగ కావాలె మేడం. మంచి రేటిస్తం. ఆ పైసలతోని మీ సారు పేరు మీద గుడి కట్టియ్యిన్రి."

"గొర్ల బొచ్చు మీదనే మా ఇల్లు నడిచింది. గీ గడ్డి గొర్లదే. నీకు దారి లేదు" అని సులోచన గారు వంగి ఒక రాయిని పట్టుకుని ఊపారు. కదల్లేదు. మల్లయ్య గడ్డపార తెచ్చాడు. నాకు భయమేసింది. అయినా కొంగు దోపుకుని రెండో రాయి దగ్గర కూర్చున్నాను.

"కోర్టుల చూసుకుంటం!" అని అరిచాడాయన.

"రా. కాయితాలు పట్టుకొనే వస్త."

ఎండెక్కేసరికి రాళ్ళన్నీ బాట పక్కన కుప్పగా పడ్డాయి. ఆయన కారు వెళ్ళిపోయింది. ఎల్లమ్మ మాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రాళ్ళు పీకిన గుంటలు దాటుకుంటూ గొర్రెలు మేస్తున్నాయి.

సాయంత్రం బస్సులో ఇద్దరి అరచేతులూ బొబ్బలే. చందా ఇవ్వడంతో నా పని అయిపోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇచ్చిన నేల మీదికి వెళ్ళి నిలబడాల్సి వస్తుందని ఆ రోజే తెలిసింది.

"కేసేస్తే ఏం చేద్దాం?" అన్నాను.

"కొట్లాడుదాం. బీడు పక్కన చెల్క భూమి గూడ అమ్మకానికొచ్చిందట. ఆ వెంచరోడు కొనకముందే అడుగుదామా?"

"రేపే అడుగుదాం" అన్నాను.