తల్లి లేని కోడిపిల్లలు

బీడీలకు నానబెట్టిన తునికాకు వాసన తగిలితే బోధన్‌లో మా వాకిలి గుర్తొస్తుంది. పొదుగుతున్న కోడిని పిల్లి ఎత్తుకుపోతే, అవ్వ, అంటే మా అమ్మ, గుడ్లను ఊక గంపలో పొయ్యి దగ్గర పెట్టింది. పిల్లలు నా కళ్ళ ముందే బయటికొచ్చాయి. అప్పటినుంచి నా వెంటే తిరిగాయి. నేనంటే ఇష్టమని మురిసిపోయాను.

"ఇష్టం గాదు బిడ్డా. కండ్లు తెర్వంగనే నువ్వే కనవడ్డవ్. తల్లివనుకున్నయ్," అంది అవ్వ బీడీలు చుడుతూ.

ఒకరోజు వాకిట్లోకి గద్ద దిగింది. తల్లికోడి అయితే రెక్కలు చాపేది. నేను అవ్వ దగ్గరికి పరుగెత్తాను, పిల్లలు నా వెనకే వచ్చాయి. అవ్వ ఒళ్లో చాట పక్కకు తోసి అందర్నీ కొంగు కిందికి లాక్కుంది. చుట్టిన బీడీలన్నీ మట్టిలో పడ్డాయి.

నేనెందుకు అటే పరుగెత్తానో అప్పుడు ఆలోచించలేదు. అవ్వంటే ఇష్టమనో, కళ్ళు తెరవగానే ఆమే కనబడిందనో, ఇప్పటికీ విడదీసి చెప్పలేను.