కత్తిరించిన సగం గీత

బోగోలు దగ్గర రొయ్యల చెరువు ఖాళీ చేస్తున్నప్పుడు లేచే పులిసిన బురద వాసన తగిలితే చాలు, మస్తాన్ సార్ ముందు తలవంచుకుని నిలబడిపోతాను. ఆయన ఇప్పుడు లేరు. ఆయన చెప్పిన లెక్కలే నేను కాలేజీలో చెబుతున్నాను.

ఎమ్మెస్సీ చివరి ఏడాది నా ప్రాజెక్టుకు ఆయనే గైడు. తూము తెరిస్తే మా నాన్న రొయ్యల చెరువులో నీళ్లు ఎలా తగ్గుతాయో చెప్పే అవకలన సమీకరణం రాశాను. నీళ్లు దిగే వేగం లోతు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే రెప్పపాటులో సూత్రం వచ్చింది; చేత్తో సాధించినా అదే వచ్చింది. కానీ దాని గీత సున్నా దాకా దిగి, మళ్లీ పైకి లేచింది. ఖాళీ అయిన చెరువు తనంతట తానే నిండుతోందన్నమాట! తప్పెక్కడో తెలియలేదు. ప్రాజెక్టు పోతే ఆ ఏడాది పోయినట్టే. లేచిన సగాన్ని బొమ్మలోంచి కత్తిరించి ప్రింటు తీయించాను.

సార్ ఒక్క చూపులో పట్టేశారు.

"ఈడ గీత తెగిపోయిందేందమ్మా? కోసినావా?"

"అది తప్పుగా వచ్చింది సార్."

"తప్పుగా వచ్చిందాన్నే గదా నాకు చూపించాల్సింది!"

తిట్టినా బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని పెన్సిల్ తీశారు. "సాధించేటప్పుడు దేంతో భాగించినావు?"

"లోతు వర్గమూలంతో."

"లోతు సున్నా అయితే?"

సున్నాతో భాగించకూడదని బడిపిల్లలకూ తెలుసు. భాగించిన ఆ క్షణానే నేనూ, ఆ యంత్రమూ ఒక జవాబును పారేసుకున్నాం. సార్ ఒక అడ్డగీత గీశారు. "లోతు ఎప్పుడూ సున్నా. ఇదీ సాధనే. నీ సూత్రంలో ఏ స్థిరాంకం వేసినా ఇది రాదు. నీ గీత ఈడికి దిగి, దీని మీదికి మారిపోవాల." వంపు గీత వచ్చి ఆ అడ్డగీతను మెత్తగా తాకింది. మా నాన్న ఏటా చూసే ఖాళీ చెరువు, అంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కు కనబడని జవాబు!

"కోసిన సగం కూడా పెట్టు. ఎందుకు కోసినావో వైవాలో నువ్వే చెప్పు" అన్నారు.

వైవా రోజు అంతా చెప్పాను. పరీక్ష చేయడానికి వచ్చినాయన సార్ వైపు తిరిగి, "ఇది మీకు ముందే తెలుసా?" అన్నారు.

"తెలుసు. ఆ పిల్లే కోసింది, ఆ పిల్లే అతికించింది. అతికించినందుకు వెయ్యండి మార్కులు."

పాసయ్యాను. ఆ సిగ్గు మాత్రం ఇంకా పోలేదు, పోకూడదు కూడా. మొన్న నా తరగతిలో ఒకమ్మాయి అర్థంకాని వంకర గీతతో వచ్చి, భయపడుతూనే, ఏమీ కోయకుండా కాగితమంతా నా ముందు పరిచింది. నాకు తెలియకుండానే ఆ పిల్ల ముందు లేచి నిలబడ్డాను.