ఎదగని పిల్ల కొలతలు

మా వదిన ఇప్పుడు పెద్దగా మాట్లాడదు. ఇదివరకు ఆమె ముందు కుట్టుమిషను చప్పుడు కూడా వినిపించేది కాదు. ఎవరైనా చొక్కా కొలతలివ్వడానికి వస్తే చాలు, వాళ్ళ అత్తగారి మోకాళ్ళ నొప్పి దాకా కూపీ లాగేది. బదులుగా మా ఇంటి సంగతులన్నీ అప్పజెప్పి పంపేది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదే," అనేవాడు మా అన్నయ్య.

"నానబెట్టుకోడానికి నాకు తీరికేదండీ? మీ మిలటరీ వాళ్ళ గుండీలు కుట్టడానికే పొద్దు చాలడం లేదు," అనేది.

అన్నయ్య సిపాయి. వదిన దర్జీ. ఆమె కొట్టు క్యాంపు గేటుకి ఎదురు వీధిలో, చెప్పులు కుట్టేవాడికీ మందుల షాపుకీ మధ్య ఇరుకు గది. రెండు మిషన్లు, మూల పగిలిన నిలువుటద్దం, గోడకి అడ్డంగా కట్టిన తీగ. ఆ తీగ మీద యూనిఫారాలు వేలాడుతుంటాయి. చేతులుంటాయి, కాళ్ళుంటాయి, తలలుండవు. కాలేజీ మానేశాక నేను అక్కడే ఇస్త్రీ పెట్టె పట్టుకున్నాను. "చదువు ఎలాగూ వంటబట్టలేదు, మడతలన్నా సరిగ్గా పడనీ," అని వదినే పనిచ్చింది.

ఆమెకి అక్కచెల్లెళ్ళు లేరు. అన్నయ్య ఇంట్లో ఉండేది తక్కువ. అందుకే ఫోన్లో ఒక చెల్లెల్ని సంపాదించుకుంది. సిపాయిల భార్యల గ్రూపొకటుంది, అందులో కలిసింది. వేరే ఊరి క్యాంపులో తన భర్త కూడా సిపాయేనంది. ఒళ్ళో ఏడాది నిండని పాప. నీలం కర్టెను ముందు పసుపు గౌను వేసుకుని కూర్చున్న ఫొటో పంపింది. గొంతు మాత్రం ఎప్పుడూ వినిపించలేదు. "మా అత్తగారు పక్కనే ఉంటారక్కా, రాసుకోవడమే హాయి," అంది. వదిన నమ్మింది. అత్తగారి పేరు చెబితే ఏ కోడలు నమ్మదు?

పొద్దున్న కొట్టు తీయగానే "లేచావా చెల్లీ", మధ్యాహ్నం "తిన్నావా చెల్లీ". నాకు చిరాకేసేది. "మనిషిని చూడకుండా ఇంత ప్రేమేంటి వదినా?" అంటే, "నిన్ను రోజూ చూస్తున్నాగా, ఏమొచ్చింది?" అనేది.

ఆ ఏడు చలి మొదలవకముందే క్యాంపు నుంచి సిపాయిల చలికోట్లు వచ్చాయి. మందపాటి లైనింగు వేయాలి. గుట్టలుగా పడ్డాయి. వదిన వాటి ముందు నిలబడి ఫొటో తీసి, కొట్టు పేజీలో పెట్టింది. చేతినిండా పని ఉందని ఊరికి తెలియాలి కదా. కోట్లయిపోయాక, అవి వేసుకుని బయల్దేరాల్సిన వాళ్ళందర్నీ క్యాంపు లోపలే ఉంచేశారు. ఫోన్లు తీసేసుకున్నారు. అన్నయ్య లోపలికి పోతూ వదిన చెవిలో ఏం చెప్పాడో నేను వినలేదు.

బుధవారం. ఒకటే వాన. బేరాల్లేవు. వదిన ఎవరిదో మిగిలిన పువ్వుల గుడ్డ తీసింది. "రోజంతా ఈ పచ్చ బట్టే చూసి మొహం మొత్తింది. చెల్లి పాపకి గౌను కుడతా," అంది. కొలతలు పంపమని రాసింది. చిటికెలో వచ్చేశాయి. గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీత గీసింది. రెండో గీత దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"అబ్బాయ్, చంటిపిల్లలు ఏడాదికి ఎంత ఎదుగుతారు?"

"నాకేం తెలుసు వదినా? నేను ఎదగడం మానేసి చాలా కాలమైంది."

"వెటకారం ఆపి ఇలా రా."

ఫోను చూపించింది. పోయిన చలికాలం కూడా ఇలాగే గౌను కుడతానని కొలతలు తెప్పించుకుంది. అడ్రసడిగితే మాత్రం, "మాకు బదిలీ అక్కా, కొత్త అడ్రసు వచ్చాక పంపుదువుగాని," అని ఆ చెల్లి దాటేసింది. అప్పటి కొలతలు, ఇప్పటి కొలతలు పక్కపక్కన చూశాం. పొడవు అంతే. ఛాతీ అంతే. చెయ్యి అంతే.

"పొరపాటున పాతవే పంపిందేమో," అన్నాను.

వదిన పాప ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. పండగలూ సెలవులూ అంటూ ఏడాది పొడుగునా వచ్చిన ఫొటోలు. అన్నిట్లో అదే నీలం కర్టెను. గౌను రంగు మాత్రం మారింది, మారిన చోట అంచులు చెదిరి ఉన్నాయి. పిల్ల కుడి మోకాలి మీద చిన్న గీత. ఎక్కడో గీరుకున్న ఎర్రటి గీత.

"ఏడాదిగా మానలేదు చూడు," అంది వదిన. ఆ గొంతు ఆమెది కాదు.

తర్వాత ఇద్దరూ రాసుకున్న మెసేజులు చదవడం మొదలుపెట్టింది. నేను భుజం మీంచి చూస్తూనే ఉన్నాను. "అన్ని కోట్లు నువ్వొక్కదానివే కుట్టావా అక్కా, చేతులు నొప్పి పుట్టవూ?" దానికి వదిన కోట్ల లెక్కతో సహా జవాబిచ్చింది. "బావగారు లేకపోతే నీకు బెంగ కదూ, ఎప్పట్నించి ఒంటరివి?" దానికి, "అసలు ఒంటరితనం ఈ శుక్రవారం నుంచి." "దూర ప్రయాణం కాబోలు, పాపం." దానికి, "దూరం సంగతి సరే, కొండదారంటే ఆయనకి కడుపులో తిప్పుతుంది, మాత్రలు పెట్టి పంపాను." పక్కన నవ్వుతున్న బొమ్మ. ఏ మాటకి ఆ మాట చూస్తే ఇద్దరాడవాళ్ళ కబుర్లు. వరసగా చదివితే మూడే ప్రశ్నలు. ఎంతమంది, ఏ రోజు, ఏ దారి. మా వదిన తన చేత్తో తనే ఉప్పందించింది, అదీ మొగుడి గురించి.

"బ్లాక్ చేసి పారేయ్ వదినా. అన్నీ తుడిచేయ్. ఎవరికీ తెలీదు."

"దానికి తెలుసుగా."

"ఇప్పుడు పోయి చెబితే అన్నయ్య మెడకి చుట్టుకుంటుంది. నీకు క్యాంపు పనీ పోతుంది."

"ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చుంటాడు. మనిషే పోతే?" గొడుగు కూడా తీసుకోకుండా రోడ్డు దాటేసింది. నేను వెనకాల పరుగెత్తాను.

గేటు దగ్గర కాపలావాడు, "ఏం టైలరమ్మా, నా ప్యాంటు వదులు చేయడానికి ఇంతదూరం వచ్చావా?" అని నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వాపి లోపలికి ఫోను చేశాడు.

భద్రత చూసే సారు తలకి రంగేసుకున్న నడివయసు మనిషి. ఫోను తీసుకుని మొదట్నించీ చదివాడు. తిట్టలేదు. తిడితే బావుండేది.

"తుడిచేశారా ఏమైనా?"

"లేదు సార్."

"మంచిపని. ఏదీ తుడవొద్దు. మాట్లాడటం కూడా ఆపొద్దు. ఆపితే మనకి తెలిసిపోయిందని వాళ్ళకి తెలిసిపోతుంది. మేం చెప్పేదాకా ఎప్పట్లాగే ఉండండి. కొత్త విషయం మాత్రం ఒక్కటీ రాయకూడదు."

"మరి శుక్రవారం..."

"శుక్రవారం గురించి మీకేం తెలీదమ్మా," అన్నాడు సారు.

ఆమె లేచి నిలబడింది కానీ కదల్లేదు. "ఆయనకి ఏమీ కాదు కదండీ?" అంది. సారు ఫోను తిరిగిచ్చి తలుపు తీశాడు.

ఆ తర్వాత రోజులు నేను మర్చిపోలేను. రోజూ పొద్దున్నే వదిన కొట్టు తీసి, స్టూలు మీద కూర్చుని, లేని మనిషికి "లేచావా చెల్లీ" అని రాసేది. అటునుంచి ప్రేమ ఇంకా పెరిగింది. "నీ మాటలు మునుపట్లా లేవు, ఒంట్లో బాలేదా అక్కా?" అని రాసింది. మా ఇంట్లో ఎవరూ అడగని మాట. నేనూ అడగలేదు. ఇంకోరోజు, "పాప ఇవాళ పెద్దమ్మా అంది!" అని వచ్చింది. వదిన ఫోను బోర్లా పెట్టి, పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది.

"ఎవరి పిల్లో," అంది. "దాని అమ్మ ఎక్కడో ఉండే ఉంటుంది. ఈపాటికి పిల్ల పరుగులు పెడుతుంటుంది. ఇక్కడ మాత్రం దీన్ని కూర్చోబెట్టేశారు, లేవనివ్వకుండా."

ఆ శుక్రవారం రోజంతా గేటు వైపున్న కొట్టు తలుపు వేసే ఉంచింది. లారీలు కదిలాయో లేదో నన్నూ చూడనివ్వలేదు. "చూడకపోతే చెప్పే పని ఉండదు," అంది. మిషను తొక్కుతూనే ఉంది. సాయంత్రం చూస్తే సూదికి దారమే లేదు. ఎంతసేపట్నించి వట్టి సూదితో కుట్టిందో.

సారు అనుమతి తీసుకుని సిపాయిల క్వార్టర్లలో ఆడవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళింది. సారే చెప్పి కొట్టు పేజీలోంచి కోట్ల ఫొటో తీయించాక వాళ్ళకీ చెప్పాలనిపించింది. తను చేసింది దాచకుండా చెప్పింది. గొంతు విననివాళ్ళనీ, ఎదురుగా చూడనివాళ్ళనీ నమ్మొద్దు, మీ ఆయన వెళ్ళే రోజేదో కన్నతల్లికి కూడా రాయొద్దు అంది. కొందరు తలూపారు. కొందరు వెనకాల, "మొగుడి గుట్టు ఊరికి పంచి ఇప్పుడు మనకి నీతులు," అన్నారు. నాకు వినపడింది, ఆమెకీ వినపడింది.

క్యాంపు లారీ డ్రైవరు భార్య మాత్రం మొహం మీదే నవ్వింది. "నాకంత పిచ్చి లేదమ్మా. నాకున్నదల్లా ఒక్క స్నేహితురాలు. పాపం భర్త పోయిన మనిషి. ఆవిడతో ఏం భయం?"

"చూడనీ ఒకసారి," అంది వదిన.

పేరు వేరు. కథ వేరు. ఒళ్ళో తండ్రి లేని పాప. వెనకాల నీలం కర్టెను. మోకాలి మీద గీత.

డ్రైవరు భార్య నవ్వు ఆగిపోయింది. మెల్లిగా, "నిన్ననే కదండీ ఈ పాపకి జ్వరమొస్తే నేను ఏడ్చాను," అంది. ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. చచ్చిపోయిన మనిషింటికి వచ్చినట్టు.

కొన్నాళ్ళకి సారు మనిషిని పంపి వదిన ఫోను తెప్పించుకున్నాడు. తిరిగొచ్చేసరికి అందులో చెల్లి లేదు. ఎవరు, ఎక్కడివాళ్ళు, దొరికారా లేదా, ఒక్క ముక్క చెప్పలేదు. కొత్త కోట్లూ రాలేదు. అన్నయ్య ఎక్కడున్నాడో మాకు తెలీదు. ఏ రోజు వెళ్ళాడో, ఏ దారిన వెళ్ళాడో తెలీదు. ఎవరి బండి ఆగినా వదిన తల ఎత్తేది కాదు, కాళ్ళు మాత్రం మిషను మీద ఆగిపోయేవి.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని నంబరు. వదిన చాలాసేపు తెరనే చూసి ఎత్తింది. అటునుంచి అన్నయ్య గొంతు నాకూ వినపడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నాకు. వదిన మాత్రం ఫోను రెండు చేతుల్తో చెవికి అదుముకుని, నాకేసి వీపు తిప్పేసింది.

"తిన్నారా?... ఊఁ... ఒంట్లో బావుందా?... ఊఁ..."

"ఏంటే, గొంతు పోయిందా? ఇంతేనా మాటలు?" అని అన్నయ్య నవ్వడం గట్టిగానే వినిపించింది.

"ఇంతేనండీ. వినాలనే ఉంది. ఏదో ఒకటి చెప్పండి. ఆ ఊరి సంగతి కాకుండా."

ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. నేను ఆగలేకపోయాను. "ఎలా ఉన్నాడు వదినా? ఎక్కడున్నాడట? ఎప్పుడొస్తాడట?"

ఆమె తిరిగి నన్ను చూసింది. రోజూ చూసే మొహమే నాది. తను అన్నం పెట్టిన మొహం.

"ఎందుకు?" అంది.

"ఎందుకేంటి వదినా? వాడు మా అన్నయ్య."

"అదే. ఎందుకడుగుతున్నావ్?"

కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. తర్వాత తనకే ఏదో తట్టినట్టు చూపు దించుకుంది. "బావున్నాడయ్యా. తింటున్నాడు," అని, గదిలో మేమిద్దరమే ఉన్నా గొంతు తగ్గించి చెప్పింది.

నేను ఇస్త్రీ పెట్టె అందుకున్నాను. ఇంకేమీ అడగలేదు. నేను అడగాలనుకున్నవన్నీ ఆ చెల్లి ఇదివరకే అడిగేసింది.