నేను వదిలేసిన ఆఖరి ఇల్లు

ఎనిమిదేళ్ళుగా ఒక పేరు నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. నేను మాట తక్కువ పిల్లననీ, సిగ్గరిననీ మా ఊళ్ళో అందరూ అంటారు. నిజమే. కాని ఆ సిగ్గులో కొంత సిగ్గు కాదు. ఎక్కువ మాట్లాడితే ఏదో ఒక రోజు ఆ పేరు జారిపడుతుందన్న భయం. ఇంత వివరంగా మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

పన్నెండో ఏటి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఏ పుస్తకం చదివానో, కాలువకి నీళ్ళు ఎప్పుడు వదిలారో, పిన్ని ఏం కూర వండిందో, అన్నీ ఉంటాయి. ఎనిమిదేళ్ళ కిందటి క్రిస్మస్ క్యారల్స్ రోజు పేజీలో మాత్రం ఒక్కటే వాక్యం: "ఈ రోజు చలి ఎక్కువగా ఉంది." ఎవరూ చదవని పుస్తకంలో కూడా మనిషి అబద్ధం రాయగలడని ఆ రోజే తెలిసింది.

మాది రాజోలు దగ్గర కాలువ గట్టు మీది ఊరు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోయారు. తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ కువైట్ వెళ్ళింది, ఎవరింట్లోనో వంటపనికి. మా వైపు ఇది వింతేమీ కాదు, ప్రతి వీధిలోనూ అలా వెళ్ళిన అమ్మ ఒకరుంటుంది. వెళ్ళేటప్పుడు నన్ను తన చెల్లెలికి అప్పగించింది. ఆవిడే మా సుగుణ పిన్ని. ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది.

డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో అడుగు పెట్టే చోటుండేది కాదు. చర్చి ఆడవాళ్ళ తెల్లచీరల మీదికి జాకెట్లు, పిల్లల గౌన్లు, వాటికి లేసులు. నేను కటింగ్ బల్ల కింద దూరి గ్రంథాలయం పుస్తకాలు చదువుకునేదాన్ని. పైన పిన్ని పాడుకుంటూ మిషను తొక్కేది. పాట జోరందుకుంటే మిషనూ జోరందుకునేది. కత్తిరించిన గుడ్డముక్కలు రాలి నా పేజీల మీద పడేవి. ఇప్పటికీ కొత్త గుడ్డ గంజి వాసన తగిలితే నాకు క్రిస్మస్ వచ్చేసినట్టే ఉంటుంది. ఆ బల్ల కింద ఉన్నంత నిబ్బరంగా నేను మరెక్కడా లేను. ఇది సాకుగా చెప్పడం లేదు. సాకుగానేనా? తెలియదు.

ఆ పేరు రాజారత్నం గారిది. ఆయన సంగతి నాకు ముందే కొంత తెలుసు. పిన్నికి ఇరవై నాలుగేళ్ళప్పుడు ఇద్దరూ చర్చి పాటల బృందంలో పాడేవారట. ఆయన పడవ ఇంజన్లు బాగుచేసేవారు. పెళ్ళిమాట వచ్చింది. స్థిరమైన ఉద్యోగం లేదని తాతగారు వద్దన్నారు. ఆయన ఎదురు చెప్పలేదు. పిన్నీ చెప్పలేదు. కావలసినదాన్ని గట్టిగా అడగడమే అమర్యాద అన్నట్టు పెరుగుతాం మేము. ఆయన దిండి వెళ్ళి హౌస్‌బోట్లలో పనికి చేరారు. తనకి వచ్చిన ప్రతి సంబంధానికీ పిన్ని ఒక వంక పెట్టింది. అలా పదేళ్ళు. తాతగారు పోయారు. నేను ఇంటరు మొదటి సంవత్సరానికి వచ్చాను. ఆ డిసెంబరులో ఆయన తిరిగి వచ్చారు, కాలువ అవతలి గట్టున తల్లి ఒంటరిగా ఉంటున్న ఇంటికి.

క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగి పాడే మా క్యారల్స్ పద్ధతి మీకు చెప్పాలి. పాటల బృందం అడగని ఇంటికి వెళ్ళదు. బృందం తమ ఇంటికి రావాలనుకున్నవాళ్ళు ముందు ఆదివారం పేరు ఇవ్వాలి. ఆ పేర్లు వరసగా రాసిన కాగితం పట్టుకుని తిరుగుతారు. ఇంటికో పాట, పాస్టరు గారి ప్రార్థన, చేతిలో ఒక జంతికో అరటిపండో. ఆఖరి ఇంట్లో మాత్రం అందరూ కూర్చుంటారు. ఆ ఇంటివాళ్ళు బృందానికంతటికీ భోజనం పెడతారు. కాబట్టి ఆఖరి ఇల్లు కావడం గౌరవం. పెద్దలందరూ ఒక్కచోట ఉంటారు గనక పెళ్ళిమాట ఎత్తడానికీ అదే మంచి చోటు. మా చర్చిలో రెండు మూడు సంబంధాలు అలా కుదిరినవే. నా దస్తూరి బాగుంటుందని పేర్లు రాసే పని నాకు ఇచ్చేవారు. ఆ పని నాకెంత ఇష్టమో. అందరూ నా దగ్గరికే వస్తారు, నేను తలెత్తనక్కర్లేదు.

ఆ ఆదివారం అందరూ వెళ్ళాక రాజారత్నం గారు వచ్చారు.

"మా ఇల్లు కూడా రాయమ్మా. ఆఖరున వెయ్యి. అందరికీ భోజనం పెట్టాలని మా అమ్మ ఒకటే సరదా పడుతోంది." వెళ్ళబోయి ఆగారు. "మీ పిన్నిగారు ఇంకా పాడుతున్నారా?"

"ఆయ్" అన్నాను.

ఆ ప్రశ్నలో ఏముందో అన్ని కథలు చదివిన పిల్లకి తెలియకుండా ఉంటుందా?

ఇంటికి వెళ్ళి చిత్తుకాగితంలోని పేర్లు మంచి కాగితం మీదికి ఎక్కించాను. మొత్తం పద్దెనిమిది ఇళ్ళు. పదిహేడో పేరు రాసి కలానికి మూత పెట్టాను. అంతే. ఏదీ కొట్టెయ్యలేదు. చెడ్డపని చేస్తే చప్పుడవుతుందనుకునేదాన్ని. అవలేదు. చిత్తుకాగితం నీళ్ళు కాచే పొయ్యిలో వేశాను. ఆఖరి ఇంటికి ఈసారి ఎవరూ పేరివ్వలేదని బృందాన్ని నడిపే మాస్టారితో చెప్పాను. అయితే చర్చిలోనే ఉప్మా చేయిద్దాంలే అన్నారాయన.

ఎందుకు చేశాను? అమ్మ అప్పటికే వెళ్ళిపోయింది. ఇక పిన్ని కూడా వెళ్ళిపోతే? వెళ్ళేది ఎక్కడికి, కాలువ అవతలికే కదా. వంతెన దాటితే ఇల్లు. నన్ను వదిలి వెళ్ళే మనిషా? చెయ్యి పట్టుకుని తనతో తీసుకెళ్ళేది. పదహారేళ్ళ పిల్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయని నన్ను నేను ఎన్నిసార్లు ఓదార్చుకున్నానో. మరి పదహారేళ్ళ పిల్లకి పదిహేడో పేరు దగ్గర ఆగడం ఎలా తెలిసింది?

క్యారల్స్ రోజు పొద్దుగూకగానే బయలుదేరాం. ముందు వెదురుబద్దల నక్షత్రం, వెనక డోలక్, గిటారు. కొబ్బరాకుల మీంచి మంచు చుక్కలు చుక్కలుగా మెడ మీద పడుతోంది. ఊరందరికీ కొత్తబట్టలు కుట్టి తను పాతచీరలో తిరిగే పిన్ని ఆ రోజు కొత్తచీర కట్టుకుంది. ఆ పాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. ఏ ఇంటి గడపలో ఏ పాట పాడామో కూడా చెప్పగలను. పిన్ని గొంతు అంత పైకి వెళ్ళడం నేను అంతకుముందు వినలేదు.

పదిహేడో ఇల్లు వంతెనకి ఇవతల. ప్రార్థన అయి బయటికి వచ్చాం. కాలువ అవతల ఒక ఇంటి చూరుకి ఎర్రకాగితం నక్షత్రం వెలుగుతోంది. పిన్ని అటే చూస్తూ నా పక్కకి వచ్చింది.

"బుజ్జమ్మా, లిస్టు అయిపోయిందా?"

"అయిపోయింది పిన్నీ."

"ఆ గట్టున ఎవరూ ఇవ్వలేదా?"

"లేదు పిన్నీ."

"సరిగ్గా చూడవే. వెనకాల రాసేవేమో."

కాగితం తిప్పి చూపించాను. వెనక ఏమీ లేదు. పిన్ని ఆ ఖాళీ కాగితాన్ని అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూసింది.

"పోన్లే. పిలవని పేరంటానికి మనమెళ్తామేంటి" అని నవ్వింది. "పద పద, ఉప్మా చల్లారిపోద్ది."

తిరుగుదారిలో అందరూ పాడారు. పిన్ని పాడలేదు.

అవతల ఆయన మా పాట వింటూనే ఉండి ఉంటారు. వంతెన దాకా వచ్చి వెనక్కి మళ్ళడమూ విని ఉంటారు. ఎందుకు రాలేదని ఆయన అడగలేదు, ఎందుకు పిలవలేదని ఈవిడ అడగలేదు. సుగుణకి ఇష్టం లేదనుకున్నారు ఆయన. ఆయనకి పట్టింపు లేదనుకుంది పిన్ని. పండగ వెళ్ళిన వారానికి ఆయన నెల్లూరు వైపు రొయ్యపిల్లల హేచరీలో పని చూసుకుని వెళ్ళిపోయారు.

ఇంతకన్నా చెప్పడానికి కష్టమైన మాట ఇంకొకటి ఉంది. ఆ తర్వాతి ఏళ్ళు నాకు చాలా బాగున్నాయి. వాన పట్టుకుంటే మిషను ఆపేసి ఇద్దరం గుమ్మంలో కూర్చుని వేయించిన పనసగింజలు తినేవాళ్ళం. నేను చదివిన కథలు పిన్నికి చెప్పేదాన్ని. "అక్కడ నేనైతేనా" అంటూ పిన్ని ముగింపులు మార్చేసేది. నన్ను బి.ఎడ్. చదివించింది. బడిలో ఉద్యోగం వచ్చిన రోజు తనే ఎక్కువ ఏడ్చింది. అవి దొంగిలించిన రోజులు. దొంగసొత్తు ఇంత తియ్యగా ఉండొచ్చా? ఇప్పుడు తలచుకున్నా ఆ గుమ్మంలోకే వెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది.

రత్నం గారి తల్లి నాలుగేళ్ళ కిందట పోయారు. ఈ ఏడు వానాకాలంలో ఇల్లు బాగుచేయించుకోవాలని ఆయన వచ్చారు. వస్తూ తల్లి తెల్లచీర ఒకటి పట్టుకుని మా గుమ్మం ఎక్కారు. దాన్ని చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డగా కుట్టిపెట్టమన్నారు. ఒక్కపూట పని. పిన్నికి మూడు వారాలు పట్టింది. ప్రతి శనివారం ఆయన రావడం, "అయ్యిందాండీ?" అనడం, "అంచు మిగిలిందండీ" అని ఈవిడ అనడం.

"ఏం సుగుణా, అది బల్లగుడ్డా, పెళ్ళిపందిరి గుడ్డా?" అని ఎదురింటి మరియమ్మ గారు గోడ మీంచి కేకేశారు. పిన్ని మొహం ఎర్రబడడం నేను చూశాను. ఆవిడకి నలభై రెండేళ్ళు.

ఈసారి నేను అడ్డు రాలేదు. పెద్ద ఘనకార్యమేం కాదు.

పెళ్ళిమాట ఖాయమైన రోజు టీ తాగుతూ ఆయనే ఆ పాత సంగతి ఎత్తారు.

"ఆ ఏడు మా అమ్మ ముప్పై మందికి పులిహోర కలిపిందండి. మూడు పూటలు మేమిద్దరమే తిన్నాం."

పిన్ని చేతిలో గ్లాసు ఆగిపోయింది. "మీరు పేరిచ్చేరా?"

"ఇచ్చేనండి. బుజ్జమ్మకే ఇచ్చేను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపు ఆయనే, "పాపం చిన్నపిల్ల, మరిచిపోయుంటుందిలెండి" అన్నారు.

"అంతేనా బుజ్జమ్మా?" అంది పిన్ని.

"ఆయ్. మరిచిపోయాను."

ఇద్దరూ నవ్వేశారు. అంత తేలిగ్గా. చెయ్యని తప్పుకి నాకు క్షమ దొరికింది. చేసినది ఎక్కడిదక్కడే ఉంది. కాసేపటికి ఆయన గ్లాసు కింద పెట్టి, "మా అమ్మే పాపం మళ్ళీ చర్చికి రాలేదండి. మనం వాళ్ళ కంటికి ఆనలేదురా అనేది" అన్నారు. అప్పుడెవరూ నవ్వలేదు.

పిన్ని తన పెళ్ళి జాకెట్టు తనే కుట్టుకుంది. మిగిలిన తెల్లగుడ్డని మడిచి, "ఇదివరకైతే ఇలాంటి ముక్క పుట్టబోయే పాప గౌనుకి దాచుకునేవారు. నాకింకెందుకులే" అని నవ్వి, మిషను తుడిచే గుడ్డల్లో పడేసింది. ముప్పై నాలుగేళ్ళకి పెళ్ళయి ఉంటే ఆ ముక్కని దాచుకుని ఉండేది. ఆ లెక్క నాకు చెప్పక్కర్లేదు.

చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. రెండు అయ్యాయి. ఈ వివాహానికి అభ్యంతరమేదైనా తెలిసినవారు చెప్పాలని పాస్టరు గారు అన్నప్పుడల్లా బెంచీ అంచు పట్టుకున్నాను. నాకు తెలిసినది అభ్యంతరం కాదు. ఈ ప్రకటన ఎనిమిదేళ్ళ కిందటే ఎందుకు చదవలేదో నాకు తెలుసు. ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

చెబితే దిగేది నా బరువు, ఎక్కేది వాళ్ళ నెత్తికి కదా, పెళ్ళిముందు ఎందుకు? నెలరోజులుగా ఇదే అనుకున్నాను. ఎంత దయగల ఆలోచన! కాని వాళ్ళకి ఏది తెలియాలో, ఏది తెలియకూడదో నేను తేల్చడమేమిటి? పదిహేడో పేరు దగ్గర చేసిందీ అదే కదా.

ఈ ఉదయం చెప్పాను. మీకు చెప్పినంత కాదు, నాలుగు ముక్కలే. "మరిచిపోలేదు పిన్నీ. తెలిసే రాయలేదు. నువ్వు వెళ్ళిపోతావని."

మిషను ఆగింది. పిన్ని చక్రం మీద చెయ్యి ఉంచింది. తిట్టలేదు. ఏడవలేదు.

"వాళ్ళమ్మగారికి ఎవరు చెప్తారే ఇప్పుడు?" అంది.

సూదిలోంచి తెగిన దారం లాగేసింది.

"ఆయనకి నువ్వే చెప్పు. నా చేత చెప్పించకు" అని మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది. మధ్యాహ్నం అన్నం పెట్టింది. నా మొహం చూడలేదు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఏ మొహంతో అడగను?

రేపు ఆదివారం, మూడో ప్రకటన. ఆరాధన అయ్యాక రత్నం గారు మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటారు. అక్కడే చెప్పాలి. పెళ్ళి ఆగదు, అది మాత్రం నమ్మకం. ఆ తర్వాత ఆ ఇంటి గడప నేను తొక్కవచ్చో లేదో ఆయనే చెప్పాలి. భయంగా ఉంది. కాని ఇది పాత భయం కాదు. ఇది పైకి అనగలిగిన భయం. చూడండి, మీతో అనేశాను.