ఉప్పు మూకుట్లో ఎర్ర పొడి

మొన్నటి ముసురులో మా అన్నయ్య కూతురు తన కెమెరా సంచీ దులుపుతుంటే కెమెరాకి చెమ్మ పట్టకుండా పెట్టుకునే చిన్న పొట్లం ఒకటి కింద పడింది. అందులోని నీలం పూసలన్నీ గులాబి రంగుకి తిరిగిపోయాయి. "చెమ్మ పీల్చేశాయి అత్తయ్యా, ఇంక పనికిరావు" అని చెత్తబుట్టలో వేసేసింది. అప్పట్నుంచీ నాకు కుదురు లేదు, వంటింట్లోంచి వరండాలోకీ మళ్ళీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఒకప్పుడు ఇదే బందరు ఇంట్లో, ఒక రంగు కోసం మేమంతా ఇలాగే తిరిగాం మరి.

చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేదని బడికి పంపలేదు. నాన్నగారు బైబిలు చదివిస్తూ అక్షరాలు దిద్దిస్తే, మిగతా చదువంతా అన్నయ్యే చెప్పాడు. ఆ జబ్బుతోపాటు అలాంటి గురువునీ ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. అన్నయ్య రసాయన శాస్త్రంలో పరిశోధన చేసేవాడు. నికెల్ చుట్టూ నైట్రో గుంపులు అమర్చి కొత్త పదార్థాలు తయారుచేయడం అతని పని. అంతకుముందు చేసినవేవీ నిలవకపోవడంతో, ఈసారీ కుదరకపోతే పరిశోధన మానుకోమని గైడు గారు తేల్చి చెప్పేశారట. కాలేజీలో ఎంతో అవస్థపడ్డాక చిటికెడు ఎర్ర పొడి తయారైంది. అప్పుడు వేరే ఊళ్ళో ఉన్న ఆయనకి దాన్ని చూపించడానికి మర్నాడు గుడివాడ వెళ్ళి రైలెక్కాలి.

ఇంటికి రాగానే ఆ గాజు గొట్టాన్ని అమ్మ చేతికిచ్చి, చెమ్మ తగలనివ్వొద్దని చెప్పి స్నానానికి వెళ్ళాడు. మన కాలం వాళ్ళకి చెప్పక్కర్లేదు, వానాకాలంలో ఉప్పు నీరుకారిపోతుంటే వంటయ్యాక నిప్పుల మీద మూకుడు పెట్టి వేయించుకునేవాళ్ళం కదా. అమ్మ ఎంతో శ్రద్ధగా ఆ గొట్టాన్ని కాలే ఉప్పులో గుచ్చి పెట్టింది. తీసేసరికి ఎర్ర పొడి కాస్తా నీలమైపోయింది.

అన్నయ్య అమ్మని ఒక్క మాటా అనలేదు. వరండాలో పచార్లు చేస్తూ నాకు మాత్రం చెప్పాడు. నైట్రో గుంపు నైట్రోజన్ వైపు నుంచి నికెల్‌ని పట్టుకుని ఉంటే ఎరుపట, వేడికి పట్టు వదిలి తిరగబడి ఆక్సిజన్ వైపు నుంచి పట్టుకుంటే నీలమట, రెండింట్లోనూ ఉన్న సరుకు మాత్రం ఒకటేనట. మళ్ళీ తిరగదా అన్నయ్యా అని అడిగితే, "తిరిగేదైతే నాకీ తిప్పలెందుకే" అని, ఇంక దాచేదేముందన్నట్టు బిరడా తీసేసి గొట్టాన్ని కిటికీ గట్టు మీద పడేశాడు.

అమ్మ ప్రార్థనకని మంచం పక్కన మోకాళ్ళూనింది. నేను ఉబ్బసంతో పిల్లికూతలు పెడుతూ కిటికీ దగ్గరే నించున్నాను. సముద్రం మీదనుంచి తడిగాలి వీస్తోంది. మధ్యాహ్నం దాటాక గొట్టం మూతి దగ్గర పొడి అంచు ఎర్రబడింది, చూస్తుండగానే ఆ ఎరుపు లోపలికి పాకింది.

"ప్రభువే తిప్పాడురా" అంది అమ్మ.

"గాలిలో చెమ్మ తిప్పిందమ్మా."

"ఆ గాలిని మీ కాలేజీ వాళ్ళు వదిలార్రా?"

పొద్దుటి నుంచీ ముద్ద ముట్టనివాడు నవ్వి అన్నం పెట్టమన్నాడు. గైడు గారు పొడి కంటే ఆ తిరుగుడు గురించే ఎక్కువ అడిగి, అదే పరిశోధనగా కొనసాగించమన్నారు.

ఇప్పుడు ఉప్పు ప్యాకెట్లో పొడిపొడిగా వస్తోంది, మూకుడు అటకెక్కింది. నిన్న దాన్ని దింపి, గ్యాసు మీద ఉప్పు కాచి, చెత్తబుట్టలోంచి తీసిన పొట్లాన్ని అందులో ఉంచాను. కాసేపటికి పూసలు నీలానికి తిరిగాయి. అన్నయ్యా, ఇదెందుకు తిరిగిందో చెప్పు అని అలవాటుగా వరండాలోకి వచ్చాను. అక్కడ పచార్లు చేసే మనిషి ఇంక లేడు.