సాంబ్రాణి పొగ వేసిన దూడ

2022 వానాకాలం. నెల్లిమర్ల దగ్గర ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఒకరోజు పొద్దున్నే అప్పలనర్సమ్మ అనే రైతు ఫోన్ చేసింది. ఆమె ఆవు తొలిసారి ఈనిందట, దూడను మాత్రం దగ్గరికి రానివ్వడం లేదట. వెంటనే బండి తీశాను. ఈనిన తొలి గంటల్లోనే దూడ కడుపులో కొలోస్ట్రమ్, అంటే ముర్రుపాలు, పడి తీరాలి. రోగాలను తట్టుకునే శక్తి దానికి అందులోంచే వస్తుంది. ఆలస్యమైతే దూడ దక్కడం కష్టం.

నేను వెళ్లేసరికి దూడ తూలుతూ పొదుగు వైపు వెళ్తోంది, ఆవు కాలు విసురుతోంది. పిండబోతే చేపడం లేదు, పాలు బిగబట్టేస్తోంది. పొదుగుకు వాపు లేదు, పుండు లేదు. దూడను చూస్తే తళతళలాడుతోంది, పైగా ఒళ్లంతా సాంబ్రాణి వాసన! సంగతేమిటని అడిగాను.

"పురిటిబిడ్డకి సేసినట్టే సేసినాను బాబూ. పసుపు నీలతో తానం పోసి, పొగ ఏసినాను," అంది గర్వంగా.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవుకు జబ్బేమీ లేదు! అది బిడ్డను గుర్తుపట్టేది ముఖ్యంగా ముక్కుతో. ఒళ్లంతా నాకుతూ ఉమ్మనీటి వాసనను మనసుకు పట్టించుకుంటుంది. దాన్నే మేం మెటర్నల్ బాండింగ్ అంటాం, తల్లీబిడ్డల బంధం. ఆ వాసనే పోయాక ఎదుట ఉన్నది ఎవరి దూడో దానికేం తెలుస్తుంది?

ఈనిన చోట గడ్డి ఏదంటే, ఊడ్చి పెంటమీద పారేశానంది. పరుగెత్తాను. అడుగున ఉమ్మనీటితో ఇంకా జిగటగా ఉన్న గడ్డి దొరికింది. దాంతో దూడను రుద్దుతుంటే, కడిగిన బిడ్డకు మళ్లీ మురికి పూస్తావా అని అప్పలనర్సమ్మ నాతో ఒకటే పోట్లాట. దూడ వీపు మీద కాస్త ఉప్పు కలిపిన తవుడు కూడా చల్లి, ఆవు ముందు నిలబెట్టి పక్కకు జరిగాం.

ఆవు వాసన చూసింది. ముక్కు చీదింది. మళ్లీ వాసన చూసి తవుడు నాకింది. తవుడు అయిపోయినా నాకడం ఆపలేదు! గొంతులోంచి సన్నగా పిలిచింది. ఎన్ని ఈతలు చూసినా ఆ పిలుపు వింటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. దూడ పొదుగు కిందికి దూరింది. ఆవు కాలు కదపలేదు, చేపింది. దూడ మూతినిండా నురగ!

ఆనందం పట్టలేక అప్పలనర్సమ్మ దూడను నిమరబోయింది. తనను చేత్తో మేపి పెంచిన మనిషి మీదికే ఆవు కొమ్ములు విసిరింది. ఆమె చటుక్కున వెనక్కి తగ్గి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"నన్నే పొడిసీడానికి వస్తంది సూడు బాబూ. తల్లైపోనాది."

అప్పటినుంచి ఆవు ఈనిందని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట చెప్పేది ఒకటే. దూడ ముక్కులో జిగురు తీసి తల్లి ముందు వెయ్యండి. స్నానం సంగతి తల్లి నాలుకకు వదిలెయ్యండి.