మూడు చక్రాల బండి వద్దన్నది నేనే

ఈ వేసవి మొదట్లో ఒక ఉదయం మా ఆయన తన ఫోను తెచ్చి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టి, బయటి కుళాయి దగ్గరకు వెళ్ళి మొక్కలకు నీళ్ళు పట్టడం మొదలుపెట్టారు. కళ్ళజోడు వెతుక్కుని చూద్దును కదా, తెర మీద ఒక పెద్ద మోటారు సైకిలు, ముందు ఒక చక్రం, వెనక ఆటోకు ఉన్నట్టు రెండు చక్రాలు, దూర ప్రయాణాలకు వీలుగా వెడల్పాటి సీట్లు, ఇరుపక్కలా సామాను పెట్టెలు. ఎవరో కొన్నేళ్ళు దాని మీద తిరిగి, ఇప్పుడు ఊరి చివర కాడుగోడిలో అమ్మకానికి పెట్టారు. నా వయసు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, కాపురంలో మగవాళ్ళు నోరు తెరిచి అడిగేవన్నీ చిన్న కోరికలు, ఇలా మన ముందు పడేసి తప్పుకుని పోయేవే అసలువి. కాఫీ చల్లారిపోయింది గానీ నేను ఆ బొమ్మ మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను.

మా ఆయనకు చేతులు వణికే జబ్బు మొదలై కొంతకాలమైంది. దాని పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. జీవితమంతా నర్సుగా పనిచేసినదాన్ని, నడిచేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి ఊగకుండా ఒంటికి అతుక్కుపోయి ఉండడం చూసి, డాక్టరు చెప్పకముందే నా గుండెల్లో రాయి పడింది. పోయిన ఏడాది మడివాళ సిగ్నలు దగ్గర ఆగి ఉన్న బండి పక్కకు ఒరిగితే నిలబెట్టుకోలేక దాంతోపాటే కింద పడ్డారు. పెద్ద దెబ్బలేమీ తగల్లేదు గానీ మా అమ్మాయి పరుగున వచ్చి, ఏడ్చి గోల చేసి, ఆ వారమే బండిని అమ్మించేసింది. అప్పటి నుంచి ఆయన గేటు పక్కన, బండి నిలిపే చోట కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఎందుకండీ ఎండలో అంటే, ఇక్కడ గాలి బాగుందనేవారు. అక్కడ గాలీ లేదు పాడూ లేదు.

మూడు చక్రాల బండైతే పడదు కదా అన్నది ఆయన వాదన. ఆ మాటా నాతో అనలేదు, మొక్కలతో అన్నట్టు అన్నారు. హార్స్‌లీ కొండకు ఒక్కసారి పోయొద్దాం, ఆ తరవాత దాన్ని అమ్మేసినా నేనేమీ అనుకోను అన్నారు. వచ్చే ఏటికి ఆ చేతులు ఎలా ఉంటాయో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. మా అమ్మాయి ఫోనులో ససేమిరా అంది, నాన్నకు మతి లేకపోతే నీకైనా ఉండొద్దా అమ్మా అని నన్ను కడిగేసింది. నేను మాత్రం ఒకటి గట్టిగా అనుకున్నాను. లోకమంతా ఆయనకు వద్దని చెబుతోంది, ఆ మాట నా నోటి నుంచి మాత్రం రాకూడదు.

మాది ఒంగోలు వైపు. నర్సు శిక్షణ కోసం ఈ కన్నడ ఊరు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మా ఆయన వాళ్ళది తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం, నగర్తపేటలో మామగారికి చిన్న లేతు మిషను షాపు ఉండేది, ఇత్తడి కుళాయిలకు మరలు తీసేవాళ్ళు. ఆ మిషన్లో వేలు నలగ్గొట్టుకుని మా వార్డుకు వచ్చినప్పుడే నేను మా ఆయన్ను మొదట చూడడం. నొప్పిగా ఉందా అంటే, "ఉండాది, కానీ మీరు కట్టు కడతా ఉంటే అంత లేదు" అన్నాడు మహానుభావుడు, గది నిండా జనం ఉండగా. ఆ ఉండాది అన్న మాటకు నేనూ తోటి నర్సులూ ఎంత నవ్వుకున్నామో! తీరా ఆ మాట వినకపోతే నిద్రపట్టని దాన్నయ్యాను. రెండు వైపులా ఒకే చర్చి సంఘం వాళ్ళు కావడం వల్ల పెద్దవాళ్ళు పెద్దగా అడ్డు చెప్పలేదు.

పెళ్ళినాటికి ఆయన దగ్గర ఒక పాత మోటారు సైకిలు ఉండేది, దాని చప్పుడుకు వీధిలో కాకులు లేచిపోయేవి. పెళ్ళయిన కొత్తలో హార్స్‌లీ కొండ చూపిస్తానని బయల్దేరదీశారు. హొసకోట, చింతామణి, మదనపల్లె మీదుగా దారి. చింతామణి దాటాక రోడ్డు పక్క ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కుని, ఆ వేడివేడి పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొండ ఎక్కేదాకా బాగానే ఉంది. మొదటి మలుపులో బండి ఎడమకు వాలేసరికి నాకు ప్రాణం గుప్పిట్లోకి వచ్చింది, పడిపోతామన్న భయంతో ఒళ్ళంతా బిగపట్టి కుడివైపుకు లాగాను. బండి అటూ ఇటూ కొట్టుకుని, రోడ్డంచున ఆగింది. వేరుశనక్కాయలన్నీ లోయ పాలు.

కోప్పడతారనుకున్నాను. ఆయన బండి దిగి, అక్కడే రాతి గోడ మీద నన్ను కూర్చోబెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "బండి మళ్ళేది చేతుల్తో కాదు, ఒంటితో. నువ్వేం సేయొద్దు, సుమ్నె కూచో, ఊరికే. నా భుజం యాడికి పోతే నువ్వూ ఆడికే రా, అంతే." నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే మా వార్డులో లేవలేని రోగిని పక్కకు తిప్పేటప్పుడు ఇద్దరు నర్సులం చేసేది అదే. ఒకరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు లాగితే రోగి నలిగిపోతాడు. ఇద్దరి ఊపిరీ ఒకటైతే మనిషి దూదిలా తిరుగుతాడు. మిగతా మలుపులన్నీ నేను కళ్ళు మూసుకుని, ఆయన భుజానికి నుదురు ఆనించి, అది ఎటు పోతే అటు పోయాను. పైకి చేరేసరికి నాకు ఆ కొండ కంటే ఆ మలుపులే నచ్చాయి.

ఆ తరవాత ఎన్ని దారులు తిరిగామో! డ్యూటీ మార్చుకుని మరీ పోయేదాన్ని. చీరతో ఒకవైపు కూర్చుంటే సరిగ్గా వాలడం కుదరదని చుడీదారు వేసుకుని అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునేసరికి చర్చిలో పెద్దావిడలు మా అత్తగారితో గుసగుసలాడారు, ఆవిడ మాత్రం నా కోడలు పడిపోతే మీరొచ్చి లేపుతారా అని వాళ్ళ నోళ్ళు మూయించారు. బండి మీద మేము మాట్లాడుకునేవాళ్ళం కాదు, ఆ చప్పుడులో వినపడేదీ కాదు. మలుపు ఇంకా రాకముందే ఆయన ఒంట్లో ఏదో చిన్న కదలిక నా అరచేతులకు తెలిసేది, నేను అప్పటికే వాలి ఉండేదాన్ని. ఇంట్లో పోట్లాడుకుని ముఖాలు మాడ్చుకుని బయల్దేరినా, నాలుగు మలుపులయ్యేసరికి కోపం ఎక్కడో జారిపోయేది. కోపం ఉన్నవాళ్ళు అలా కలిసి వాలలేరు.

సరే, కాడుగోడి సంగతి. మా అమ్మాయికి చెప్పకుండా ఇద్దరం వెళ్ళాం. అమ్మే అబ్బాయి గుంటూరు వాడు, కంప్యూటరు ఉద్యోగం, మంచి మర్యాదస్తుడు. కొత్త అపార్ట్‌మెంటులో దీన్ని కారు కింద లెక్కేస్తున్నారు, బైకు చోట పెట్టనివ్వట్లేదు, అందుకే అమ్ముతున్నానని నవ్వాడు. "ట్రయల్‌కి తీసుకెళ్ళండి అంకుల్, ఆంటీని కూడా కూర్చోబెట్టుకోండి, బ్యాక్ సీట్ సూపర్ కంఫర్టబుల్. ఒకటే, ఆపినప్పుడు కాలు కింద పెట్టొద్దు, వెనక వీల్ ఎక్కేస్తుంది" అని జాగ్రత్త చెప్పాడు. మా ఆయన దాని చుట్టూ తిరిగి, వంగి, గొలుసు పట్టుకుని చూసి, టైర్లు గోటితో నొక్కి, పాత రోజుల్లో ఎలా చూసేవారో అలాగే చూశారు. ఆ ముఖంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. దేవుడా, ఇది ఆయనకు దక్కనివ్వు అని నిజంగానే ప్రార్థన చేసుకున్నాను.

ఎక్కాక తెలిసింది, ఆ వెనక సీటు సోఫా కుర్చీలా ఉంది, వీపుకు ఆనుడు, చేతులకు ఆనుళ్ళు, అన్నీ ఉన్నాయి, మా ఆయన భుజం మాత్రం అందలేదు. అయినా రైలు స్టేషను దాటి ఖాళీ లేఅవుట్ల వైపు తిన్నటి రోడ్డెక్కేసరికి గాలి ముఖానికి కొట్టి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఒకచోట ఆవులు అడ్డమొస్తే ఆపి, ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, టక్కున కాలు కింద పెట్టేశారు. వెనక చక్రం వచ్చి చెప్పు మడమను నొక్కింది. కాలు లాక్కుని ఇద్దరం పకపకా నవ్వాం. ఆ అబ్బాయి చెప్పి ఇంకా ఐదు నిమిషాలు కాలేదండీ అంటే, చెవికి చెప్పినాడు గానీ కాలికి చెప్పలేదు కదా అన్నారు.

ఆ తరవాత మలుపు వచ్చింది. పెద్ద మలుపేం కాదు, ఎడమకు తిరిగే మామూలు రోడ్డు. ఆయన భుజం ఎడమకు పోయింది, నా ఒళ్ళు దానంతటదే ఎడమకు పోయింది, ఇద్దరం ఎప్పటిలాగే అందంగా వాలాం. బండి మాత్రం వాలలేదు. మూడు చక్రాల బండి వాలదు, మనం ఎంత వాలినా దానికి పట్టదు, తిన్నగా పోతూనే ఉంటుంది. మేము ఎడమకు ఒరిగి కూర్చుని ఉండగానే అది కుడివైపు గుంతలోకి దిగి, మట్టిలో ఆగిపోయింది. లోకంలో ఇంకెవరైనా ఆ మలుపు సులువుగా తిప్పేసేవాళ్ళు. కలిసి వాలడం అంత బాగా వచ్చినవాళ్ళం గనకే మేము తప్పాం.

ఫరవాలేదు, ఇప్పుడు తెలిసింది కదా అనుకుని వెనక్కి తీసి మళ్ళీ అదే మలుపుకు వచ్చాం. ఈసారి ఆయన నిటారుగా కూర్చున్నారు, నేనూ సీటు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఈ బండిని తిప్పేది ఒళ్ళు కాదు, చేతులే. రెండు చేతులతో హ్యాండిలును బలంగా లాగి, మలుపు అయ్యేదాకా అలాగే పట్టి ఉంచాలి. ఆయన లాగారు. వెనక నుంచి ఆ మోచేతులు చూస్తున్నాను. కుడి చెయ్యి వెంటనే కదిలింది, ఎడమ చెయ్యి ఆలోచించుకుంటున్నట్టు ఆగి, ఆలస్యంగా కదిలి, మధ్యలో వణుకు పట్టుకుంది. బండి రోడ్డంచు దాకా పోయి, ఎలాగో తిరిగింది. ఆయన మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అంతే. పాత బండి మీద తిప్పే పని ఒళ్ళు చేసేది గనక ఆ చేతుల సంగతి ఎవరికీ తెలియలేదు. పడకుండా కాపాడుతుందనుకున్న ఈ బండి, ఆయన దగ్గర ఏది లేదో సరిగ్గా దాన్నే అడిగింది.

చెట్టు నీడన ఇంజను ఆపారు. నా నోట్లో మాట ఉంది. ఇంకా నాలుగు రోజులు అలవాటు చేసుకుంటే వస్తుందండీ, అందామనుకున్నాను. నర్సుగా ఎంతమందికి చెప్పలేదు అలాంటి మాటలు! కానీ ఆయనకు ఆ మాట చెప్పలేకపోయాను. ఆయన హ్యాండిలు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకున్నారు.

తిరిగి మెల్లగా వచ్చి ఆ అబ్బాయి ముందు బండి ఆపారు. కాలు కింద పెట్టలేదు. ఎలా ఉంది అంకుల్ అని అతను ఎదురొచ్చాడు. మా ఆయన సీటు తట్టి, ఏ తడబాటూ లేని గొంతుతో అన్నారు: "బండి ఫస్ట్ క్లాస్ ఉండాదప్పా, ఒక్క వంక పెట్టేదానికి లేదు. మా ఇంటామెకే వెనక సీటు సరిపోలేదు, ఆమెకి నడుము నొప్పి. నువ్వేం బేజారు సేసుకోవద్దు." అతను నా వైపు చూశాడు. నేను నడుము మీద చెయ్యి వేసుకుని, అవును బాబూ, ఈ వయసులో నావల్ల కాదు అన్నాను. పాపం ఆ పిల్లవాడు లోపలికి పరిగెత్తి నా కోసం కుర్చీ కూడా తెచ్చాడు.

ఈ సంగతి ఎలాగో మా అమ్మాయికి తెలిసింది, నీవల్ల ఈ ఒక్క మంచిపని జరిగిందమ్మా అని నన్ను మెచ్చుకుంది. చర్చిలో తెలిసినవాళ్ళు మాత్రం ఇప్పటికీ, పాపం ఆయన అంత ముచ్చటపడితే మీరు ఒప్పుకుని ఉండాల్సిందండీ అని నన్ను దెప్పుతూనే ఉన్నారు. అప్పుడు మా ఆయన అడ్డం వచ్చి, పోనీలేప్పా, ఆమెకి నడుము నొప్పి ఉండాది కదా, ఏం సేస్తుంది అని నన్ను వెనకేసుకొస్తారు. నేను తల వంచుకుని ఆ నింద మోస్తాను. ఒకప్పుడు మా ఇద్దరి మధ్యా మాట అవసరమే ఉండేది కాదు. ఇప్పుడు ఒక అబద్ధాన్ని చెరో కొసా పట్టుకుని జాగ్రత్తగా నడుస్తున్నాం, ఎవరు వదిలేసినా రెండోవాళ్ళు పడిపోతారని.

నాకు నడుము నొప్పి లేదు, ఏనాడూ లేదు. హార్స్‌లీ కొండకు పోదాం రా అంటే ఈ క్షణాన చెప్పులు వేసుకుని బయల్దేరతాను. ఆ పిలుపు కోసమే నేనింకా రోజూ చెవులు రిక్కించుకుని ఉంటాను, అది ఇక రాదని ఆయనకంటే ముందే తెలిసినదాన్ని నేనే అయినా.